పంపుషెడ్డు కొలిచారు, తోట చూడలేదు: సాగుభూమికి విలువ కట్టేది ఎవరు?

రెండేళ్ల కిందట కవిటి దగ్గర మా మావయ్య కొడుకు చదువు రుణం కోసం కొబ్బరితోట తాకట్టు పెట్టాల్సి వచ్చింది. బ్యాంకు తరఫున విలువ కట్టడానికి ఒకాయన శ్రీకాకుళం నుంచి బైకు మీద వచ్చాడు. రాగానే టేపు తీశాడు. పంపుషెడ్డు పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాలతో సహా రాసుకున్నాడు. పైన సిమెంటు రేకులని, కట్టి పన్నెండేళ్లయిందని, గోడలకు పూత లేదని నోట్ చేసుకున్నాడు. గట్టు మీద నిలబడి తోటను రెండు ఫొటోలు తీశాడు. వెళ్లబోతుంటే మావయ్య ఆపాడు.

"ఏటి బాబూ, షెడ్డేనా? సెట్లు లెక్కెట్టవా?"

"చెట్లు మా ఫారంలో లేవండి."

ఆయన అబద్ధం ఆడలేదు. ఫారంలో నిజంగానే లేవు. ఆయన చదివింది సివిల్ ఇంజినీరింగ్. గోడను చూసి వయసు చెప్పగలడు, కొబ్బరి మొవ్వు చూసి చెప్పలేడు. తప్పు ఆయనది కాదనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు, హైవేలు, రిజర్వాయర్ల పేరుతో ఊరూరా భూమి లెక్కల గొడవలున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, పొలం విలువ కట్టే పని ఎవరిది, ఆ పని నేర్పేది ఎవరు, తప్పు కడితే అడిగేది ఎవరు అన్నవి చాలామందికి తెలియని ప్రశ్నలు. విలువ కట్టేవాళ్లను వాల్యుయర్లంటారు. వాళ్ల వృత్తి సంఘాల సంగతి ఇక్కడే వస్తుంది.

ఒకే ఎకరం, నాలుగు ధరలు

పొలం విలువ ఎంత అని అడిగితే మన దగ్గర కనీసం నాలుగు జవాబులు వస్తాయి. నాలుగూ నిజమే.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండేది మొదటిది. జనం దాన్ని గవర్నమెంట్ రేటు అంటారు. స్టాంపు సుంకం తగ్గిపోకుండా ప్రభుత్వం ముందే కట్టి పెట్టిన విలువ అది. మెట్టా పల్లమా, రోడ్డు పక్కనా లోపలా అన్నంతవరకు చూస్తుంది. మీ బోరులో వైశాఖంలో నీళ్లుంటాయా అన్నది దానికి పట్టదు. రెండోది దస్తావేజులో రాసిన ధర. మూడోది రచ్చబండ దగ్గర మాట్లాడుకుని బయానా ఇచ్చిన ధర. రెండోదానికీ మూడోదానికీ మధ్య తేడా చేతి డబ్బుగా మారుతుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. నాలుగోది, అప్పు తీరక భూమిని తెగనమ్మాల్సి వస్తే ఎంత రావచ్చన్న బ్యాంకు అంచనా. ఇది ఎప్పుడూ తక్కువే. బ్యాంకులు కోర్టుకు వెళ్లకుండా తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు. ఇల్లయితే నోటీసిచ్చి వేలం వేయవచ్చు, పొలమైతే అలా కుదరదు. అందుకే పొలాన్ని తాకట్టు పెట్టుకునే బ్యాంకు ముందే జాగ్రత్తపడుతుంది.

ఇందులో పంట రుణాన్ని కలపకూడదు. పంట రుణం మీ భూమి ధరను బట్టి రాదు. ఏ పంటకు ఎకరాకు ఎంత ఖర్చవుతుందో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ తేల్చిన 'స్కేల్ ఆఫ్ ఫైనాన్స్'ను బట్టి వస్తుంది. 2025 జనవరి 1 నుంచి రూ.2 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. కాబట్టి చిన్న రైతుకు వాల్యుయర్‌తో పని పడేది పంట కోసం కాదు. చదువు రుణం, ఇంటి రుణం, అన్నదమ్ముల పంపకం, భూసేకరణ, లేదంటే పన్ను.

పన్ను సంగతి విని చాలామంది ఆశ్చర్యపోతారు. పల్లెలోని సాగుభూమి అమ్మితే మూలధన లాభాల పన్ను లేదు. కానీ ఆదాయపు పన్ను చట్టం లెక్కలో లక్షకు పైన, పది లక్షల లోపు జనాభా ఉన్న మునిసిపాలిటీ హద్దు నుంచి 6 కిలోమీటర్ల లోపు ఉంటే అది 'పల్లె భూమి' కాదు. విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఈ కోవలోకే వస్తాయి. ఊరి చివర వరి పండుతున్నా సరే, అమ్మినప్పుడు పన్ను లెక్క వేయాలి. అది తాతల నాటి భూమైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కావాలి. ఆ కాగితం రాసిచ్చేది వాల్యుయరే.

రెండు చట్టాలు, రెండు రకాల వాల్యుయర్లు

మన దేశంలో 'రిజిస్టర్డ్ వాల్యుయర్' అన్న బోర్డు వెనక రెండు వేర్వేరు చట్టాలున్నాయి. గందరగోళానికి మూలం అదే.

పాతది సంపద పన్ను చట్టం. దాని 1957 నాటి నిబంధనల్లో ఆస్తుల్ని రకాలుగా విడగొట్టారు. ఇళ్లు, స్థలాలు ఒకటి. సాగుభూములు విడిగా ఇంకొకటి. కాఫీ, తేయాకు వంటి తోటలు మరొకటి, అడవులు మరొకటి, గనులు మరొకటి. సాగుభూములకు విలువ కట్టాలంటే వ్యవసాయ శాస్త్రంలో డిగ్రీ, పొలాల విలువ కట్టిన అనుభవం ఉండాలన్నారు. లేదా కలెక్టరు, డిప్యూటీ కలెక్టరు, సెటిల్‌మెంట్ ఆఫీసరు, వ్యవసాయాధికారి వంటి ఉద్యోగాలు చేసి ఉండాలన్నారు. అంటే పొలం వేరు, ఇల్లు వేరు అన్న ఇంగితం ఆ నిబంధనలు రాసినవాళ్లకు ఉంది.

2015 బడ్జెట్‌లో సంపద పన్నునే ఎత్తేశారు. తర్వాత కంపెనీల చట్టం 247వ సెక్షన్ కింద 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి. వీటిని చూసేది దివాలా వ్యవహారాల బోర్డు, ఐబీబీఐ. ఇందులో ఆస్తుల తరగతులు మూడే: భూమి, భవనాలు ఒకటి, యంత్రాలు ఒకటి, షేర్ల వంటి ఆర్థిక ఆస్తులు ఒకటి. భూమినీ భవనాన్నీ ఒకే గాటన కట్టేశారు. ఆ తరగతికి అర్హత సివిల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్, లేదా రియల్ ఎస్టేట్ వాల్యుయేషన్‌లో పీజీ. నైరా వ్యవసాయ కళాశాలలో ఏజీ బీఎస్సీ చదివి పదేళ్లు పొలాల్లో తిరిగిన అమ్మాయికి ఆ డిగ్రీతో అర్హత లేదు. అపార్ట్‌మెంట్లు కట్టిన ఇంజినీరుకు ఉంది.

నాకు దీంట్లో కుట్రేమీ కనిపించదు. ఆ నిబంధనలు కంపెనీల కోసం, దివాలా కేసుల కోసం పుట్టాయి. అక్కడ భూమి అంటే ఫ్యాక్టరీ స్థలం. అసలు చిక్కు ఏమిటంటే, వ్యవసాయ భూమికి కూడా బ్యాంకులు ఎక్కువగా ఈ జాబితాలోని వాళ్లనే పిలుస్తాయి.

వృత్తి సంఘం అంటే యూనియన్ కాదు

సంఘం అనగానే మనకు జెండా, డిమాండ్లు గుర్తొస్తాయి. ఇక్కడ సంగతి వేరు. 2017 నిబంధనల ప్రకారం ఎవరైనా నేరుగా రిజిస్టర్డ్ వాల్యుయర్ కాలేరు. ముందు ఐబీబీఐ గుర్తింపు ఉన్న ఏదో ఒక వాల్యుయర్ల సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి. ఆ సంస్థ పెట్టే 50 గంటల కోర్సు పూర్తి చేయాలి, పరీక్ష పాసవ్వాలి, అప్పుడు బోర్డు రిజిస్ట్రేషన్ ఇస్తుంది. తర్వాత కూడా సభ్యుడు దారి తప్పకుండా చూడటం, ఫిర్యాదు వస్తే విచారించడం ఆ సంస్థ పనే.

ప్రవర్తనా నియమావళిలో రెండు అంశాలు మనకు ముఖ్యం. విలువ ఇంత తేలితే ఇంత ఫీజు అని ఒప్పుకోకూడదు. తనకు స్వార్థం ఉన్న ఆస్తికి విలువ కట్టకూడదు. 'అన్నా, కొంచెం ఎక్కువ రాయి, రుణం పాసయ్యాక చూసుకుంటాను' అనే మాటకు అడ్డం ఈ రెండు గీతలే. ఊళ్లో బ్రోకరుకు వాల్యుయర్‌కన్నా ధర బాగా తెలిసి ఉండవచ్చు, చాలాసార్లు తెలుస్తుంది కూడా. కానీ ఆయనకు కమీషన్ ధర మీదే ఆధారపడి ఉంటుంది, చెప్పింది తప్పయితే అడిగేవాళ్లూ ఉండరు.

పొలాల కోసమే విడిగా సంఘం ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే బ్రిటన్ వైపు చూడాలి. అక్కడి వ్యవసాయ వాల్యుయర్ల కేంద్ర సంఘం 1910లో పుట్టింది. ప్రాంతాలవారీగా అప్పటికే ఉన్న చిన్న సంఘాలను కలిపింది. దాని ఫెలోషిప్ రావాలంటే రాత పరీక్ష ఒక్కటే చాలదు, అభ్యర్థి పొలం మీద పని చేసి చూపాలి, మౌఖిక పరీక్షలో జవాబు చెప్పాలి. అమెరికాలో 1929లో పుట్టిన సంఘమైతే ఫారం నడిపేవాళ్లను, గ్రామీణ ఆస్తులకు విలువ కట్టేవాళ్లను ఒకే గూటికి చేర్చింది.

బ్రిటన్ వాల్యుయర్ చేసే ఒక పని నన్ను చాలా ఆకట్టుకుంది. కౌలుదారు భూమి వదిలి వెళ్లేటప్పుడు అతను వేసిన ఎరువులో ఇంకా నేలలో మిగిలిన సారం ఎంత, చల్లిన విత్తనం ఎంత, నిలబడి ఉన్న పంట ఎంత అని లెక్కగట్టి అతనికి ఇప్పిస్తారు. మన దగ్గర 2019 చట్టం కింద కౌలురైతుకు ఇచ్చే సాగు హక్కు పత్రం 11 నెలలది. అదీ యజమాని ఒప్పుకుంటేనే. పదేళ్లు పెంట తోలి గరువు నేలను బాగుచేసిన కౌలురైతు భూమి వదిలితే, ఆ పెంటకు విలువ కట్టి ఇప్పించే నాథుడు లేడు.

భూసేకరణలో లెక్క ఎలా నడుస్తుంది

2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని 26వ సెక్షన్ ప్రకారం కలెక్టరు గవర్నమెంట్ రేటును, చుట్టుపక్కల అమ్మకాల సగటును పక్కపక్కన పెట్టి ఎక్కువ ఉన్నదాన్ని తీసుకోవాలి. సగటు అంటే గత మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం వాటి సగటు.

పూసపాటిరేగ వైపు హైవేకు దగ్గర్లో ఒక ఊరు అనుకుందాం. అంకెలన్నీ లెక్క అర్థమవడానికి వేసుకున్నవే. గవర్నమెంట్ రేటు ఎకరా 8 లక్షలు. మూడేళ్లలో ఎనిమిది దస్తావేజులు: 6, 6.5, 7, 8, 9, 10, 12, 14 లక్షలు. పై సగం 9, 10, 12, 14. సగటు 11.25 లక్షలు. ఇది 8 కన్నా ఎక్కువ కాబట్టి మార్కెట్ విలువ ఇదే. పల్లెల్లో దీన్ని 1 నుంచి 2 మధ్య ఒక గుణకంతో హెచ్చిస్తారు. 1.25 అనుకుంటే 14.06 లక్షలు. చెట్లు, బోరు కలిపి 2 లక్షలు. మొత్తం 16.06. దానికి నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టంతో పని లేకుండా భూమి తీసుకున్నందుకు అంతే మొత్తం మళ్లీ: 32.12. సామాజిక ప్రభావ అధ్యయనం నోటిఫికేషన్ నుంచి అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు దాకా ఏడాదిన్నర పట్టిందనుకుంటే, 11.25 మీద ఏడాదికి 12 శాతం చొప్పున మరో 2 లక్షల చిల్లర. అంతా కలిపి దాదాపు 34 లక్షల 15 వేలు.

పేపర్లో ఈ అంకె చూసి పక్క ఊరివాళ్లు 'ఇంకేం కావాలి' అంటారు. ఇప్పుడు రెండో లెక్క. ఆ ఊళ్లో పై నాలుగు అమ్మకాల్లో నిజంగా చేతులు మారిన డబ్బు సగటున 22 లక్షలు. అదే దస్తావేజుల్లో రాసి ఉంటే, అదే దారిలో వెళితే దాదాపు 63 లక్షలు తేలేది. కొన్నవాళ్లు ఎకరాకు పదిన్నర లక్షల పైచిలుకు దాచి, ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు చొప్పున మిగుల్చుకున్నది 80 వేలు. దాని ఫలితంగా 29 లక్షలు పోగొట్టుకున్నది ఆ అమ్మకాలతో ఏ సంబంధమూ లేని పక్క పొలంవాడు.

ఇక్కడ వాల్యుయర్ ఏం చేయగలడు? అవార్డు దశలో దాదాపు ఏమీ చేయలేడు. చట్టంలో కలెక్టరు పేరుంది గానీ వాల్యుయర్ పేరు లేదు. రైతు ఒప్పుకోక కేసును భూసేకరణ అథారిటీకి పంపమన్నప్పుడు వాల్యుయర్ రిపోర్టు పనికొస్తుంది. అక్కడా దస్తావేజుల ఆధారం లేని రిపోర్టుకు బరువుండదు. చిమన్‌లాల్ హరగోవిందదాస్ కేసులో 1988లో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతే ఇప్పటికీ ఆధారం: పోల్చదగ్గ అమ్మకం తీసుకో, రోడ్డుకు దగ్గరైతే కలుపు, లోపలికుంటే తీసేయి, చిన్న ముక్క ధరను పెద్ద విస్తీర్ణానికి అలాగే వేయకు. ఈ కలుపులు, తీసివేతలకు కారణం చెప్పి, ఎదుటి లాయరు ప్రశ్నలకు నిలబడగలగడమే వాల్యుయర్ పనితనం. వృత్తి సంఘం నేర్పాల్సిందీ అదే.

ఉద్దానంలో కొబ్బరిచెట్టు విలువ

చట్టం 29వ సెక్షన్ భవనాలకు ఇంజినీర్ల సాయం, చెట్లకు, పైరుకు వ్యవసాయ నిపుణుల సాయం తీసుకోవచ్చంటుంది. పద్ధతి మీదే గొడవ.

కవిటి చుట్టుపక్కల కొబ్బరితోటల ప్రాంతమే ఉద్దానం. ఎకరాకు 70 కొబ్బరిచెట్లు అనుకుందాం. పదిహేనేళ్ల చెట్టు ఏడాదికి 80 కాయలు, కాయ 12 రూపాయలు అనుకుంటే 960. ఎరువు, దింపుకూలి, నీళ్లు పోను 600 మిగిలిందనుకుందాం. తోటల కేసుల్లో కోర్టులు 8 రెట్లు, 10 రెట్లు గుణకం వాడిన సందర్భాలున్నాయి. పది వేస్తే చెట్టుకు 6 వేలు, ఎకరాకు 4 లక్షల 20 వేలు. అదే చెట్టును మొద్దుగా చూసి కలప విలువ 500 కడితే ఎకరాకు 35 వేలు. రెండూ ఆ తోటకే.

రైతు మొదటిదే న్యాయమంటాడు. పెట్టిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అన్నాళ్లు ఎదురుచూసింది మేం కదా అని. ఆ మాట ఎంత బరువైనదో 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొట్టాక ఉద్దానంలో ఎవరిని అడిగినా చెబుతారు. కోర్టుల జాగ్రత్త వేరే చోట ఉంది. పోలికకు తీసుకున్న అమ్మకం కూడా కాపు ఉన్న తోటదే అయితే, ఆ ధరలో చెట్ల విలువ అప్పటికే కలిసి ఉంది. దాని మీద మళ్లీ 4 లక్షల 20 వేలు వేస్తే ఒకే కాయను రెండుసార్లు అమ్మినట్టు. పోలిక బీడు భూమితో అయితే చెట్లను విడిగా కలపడమే సబబు. దస్తావేజులో 'తోట' అని ఉందా, 'మెట్ట' అని ఉందా, అమ్మిన రోజున అక్కడ నిజంగా చెట్లున్నాయా అన్నది వెళ్లి కనుక్కోవాలి. జీడితోటలోనూ ఇంతే, కాకపోతే అంటు మొక్క త్వరగా కాపుకొస్తుంది కాబట్టి అంకెలు మారతాయి.

గట్టు మీది నుంచి తీసిన ఫొటోలో ఇవేవీ పడవు.

కాగితం బట్టి ధర

వాల్యుయర్ హక్కు తేల్చడు. అది లాయరు పని, చివరికి కోర్టు పని. కానీ హక్కు ఎలాంటిదో చూడకుండా విలువ కడితే అది ఉత్త అంకె. సొంత హక్కున్న జిరాయితీ భూమి, దాని పక్కనే ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూమి: నేల ఒకటే, నీరు ఒకటే. 1977 అసైన్డ్ భూముల చట్టం ఆంక్షల వల్ల రెండోది స్వేచ్ఛగా అమ్ముడుపోదు. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, 1/70 భూబదలాయింపు నిబంధన కింద గిరిజనేతరుడు కొనలేడు కాబట్టి అక్కడి ధరను సాలూరు పట్టణం పక్క ధరతో పోల్చడానికి లేదు. పొలం సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో పడితే, అది పొరపాటున పడినా, అక్కడినుంచి బయటపడేదాకా కొనేవాడుండడు. విజయనగరం, బొబ్బిలి జమీందారీల కాలం నుంచి వచ్చిన రికార్డులున్న ప్రాంతం ఇది. అడంగల్ ఒకటి చెబితే పాత సెటిల్‌మెంట్ రికార్డు ఇంకొకటి చెప్పే పొలాలు ఇప్పటికీ ఉన్నాయి. రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాళ్లకు 1957 నిబంధనల్లో చోటు ఎందుకిచ్చారో ఇలాంటివి చూసినప్పుడు అర్థమవుతుంది.

విడి సంఘం కావాలా?

కావాలనేవాళ్ల వాదన ఇప్పటిదాకా చెప్పినదాంట్లోనే ఉంది. వ్యవసాయ పట్టభద్రులకు దారి తెరవాలి, తోటలకు, నీటికి, కౌలుకు ఒప్పుకున్న పద్ధతులుండాలి, అవి తెలుగులో కూడా ఉండాలి.

వద్దనేవాళ్ల మాటా కొట్టిపారేయదగ్గది కాదు. ఇంకో సంఘం అంటే ఇంకో ఫీజు, అది చివరికి రైతు జేబులోంచే పోతుంది. రెండెకరాల రైతు మంచి రిపోర్టు కోసం ఎంత పెట్టగలడు? పైగా వృత్తి సంఘాలు ఎక్కడైనా తమ సభ్యుల్ని కాపాడుకోవడానికే మొగ్గుతాయన్న అనుమానం ఉంది. సర్కారు ఆఫీసుల్లో వినిపించేది మూడో మాట: గవర్నమెంట్ రేటు తక్కువే కావచ్చు, కానీ అందరికీ ఒకటే, నిపుణుడి అభిప్రాయమైతే డబ్బున్నవాడి వైపు వంగుతుంది. ఈ మూడింటిలో నాకు ఎక్కువ భయం కలిగించేది మొదటిది. నిపుణుణ్ని పెట్టుకోగలిగిన కంపెనీకి ఎదురుగా పెట్టుకోలేని రైతు నిలబడితే, సంఘం ఎంత నిక్కచ్చిగా ఉన్నా త్రాసు ఒకవైపే వంగుతుంది. సంఘం ఉచితంగా కొన్ని కేసులు చూడాలని నియమం పెడితే తప్ప.

కేంద్రం నియమించిన ఎం.ఎస్. సాహూ కమిటీ 2020లో వాల్యుయర్ల కోసం ప్రత్యేక చట్టం ముసాయిదా ఇచ్చింది. జాతీయ స్థాయిలో ఒక వాల్యుయర్ల సంస్థ ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. అదింకా చట్టం కాలేదు.

మావయ్య ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

మావయ్య తోటకు చివరికి వచ్చిన విలువ గవర్నమెంట్ రేటుకు కాస్త పైన, దానికి పంపుషెడ్డు కలిపి. రుణం తగ్గింది, మిగతాది బయట వడ్డీకి తెచ్చాడు. ఆ వాల్యుయర్ మీద ఫిర్యాదు చేయవచ్చా అని నన్ను అడిగాడు.

కనుక్కుంటే తేలిందిది. 2017 నిబంధనలు కంపెనీల చట్టం, దివాలా చట్టం కింద చేసే విలువకట్టుకే నేరుగా వర్తిస్తాయి. బ్యాంకు రుణం కోసం చేసిన రిపోర్టు ఆ పరిధిలోకి రాదు. వాల్యుయర్‌ను తన ప్యానెల్‌లో పెట్టుకున్నది బ్యాంకు, తీసేయగలిగేదీ బ్యాంకే. రిపోర్టు రాయించుకున్నది కూడా బ్యాంకే, ఫీజు మాత్రం మావయ్య ఖాతాలోంచి పోయింది. రిపోర్టు కాపీ ఇమ్మని, రెండో వాల్యుయర్‌తో చూపించమని బ్రాంచి మేనేజరుకు దరఖాస్తు పెట్టాం. రెండో ఆయన వచ్చాడు. ఆయనా సివిల్ ఇంజినీరే. కాకపోతే కవిటివాడు. చెట్లు లెక్కపెట్టాడు.